కిలుం పట్టిన విమానం

చింతపండు నానిన వాసన ముక్కుకు తగిలితే మా ఇంట్లో మిగతావాళ్ళు పండగనుకుంటారు; నేను మాత్రం లేచి పోయి నా విమానాలు క్షేమంగా ఉన్నాయో లేదో చూసుకుంటాను. నిన్న పొద్దున కూడా అదే జరిగింది. నాకు పిల్లనిచ్చే ఆలోచన ఉన్న ధైర్యవంతులెవరో కోడుమూరు నుంచి ఇల్లు చూడటానికి వస్తున్నారని, అమ్మ ఇత్తడి బిందెలూ చెంబులూ దీపపు కుందులూ పెరట్లో కుప్ప పోసుకుని తోముతుంటే, ఆ పులుపూ లోహమూ తడి ఇటుకపొడీ కలిసిన వాసన వంటింట్లోంచి నా గదిదాకా వచ్చింది. వాసన వెనకే అమ్మ గొంతు కూడా వచ్చింది.

"ఆ బొమ్మలు ఎత్తి మంచం కిందికి తొయ్యిరా. గడ్డం తెల్లబడే వయసొస్తాంది, సూసినోళ్ళు ఏమనుకుంటారు?"

బొమ్మలంటే నా అల్మారాలోని యుద్ధవిమానాలు. లోహాన్ని అచ్చులో పోసి, అసలుదానికి ఉన్న ప్రతి గీతా మరకా దిద్ది, అరచేతిలో పట్టేటట్టు చేస్తారు, డైకాస్ట్ అంటారు. జీతంలో సగం వాటికే పోతుందని అమ్మ అనుమానం. అనుమానం తప్పని నేనెప్పుడూ అనలేదు. ఆ విధంగా దేశ వాయుసేనలో చెప్పుకోదగ్గ భాగం నిన్న పొద్దున పాత చెప్పుల పక్కకు, మంచం కిందికి పోయింది.

నా మొదటి యుద్ధవిమానం ఒక పెన్సిల్ చెక్కుకునే షార్ప్‌నర్. ఆదోనిలో బడి దగ్గరి అంగట్లో కొన్నది, రాగిరంగులో మెరిసేది, రెక్కలుండేవి, తోక కింద పెన్సిల్ దూర్చే కంత ఉండేది. అది ఇంజన్ కంత అని బళ్ళో చెప్పుకున్నాను. ఒకడు అందులో పెన్సిల్ పెట్టి తిప్పితే చెక్కపొట్టు రాలింది, పొగ అన్నాను. ఎవరూ నమ్మలేదు. పత్తి వచ్చే కాలంలో జిన్నింగు మిల్లుల దూది గాల్లో తేలి, మా ఊరి చెట్ల మీదా కరెంటు తీగల మీదా మా నూనె రాసిన తలల మీదా పడుతుంటే, నేను ఆ షార్ప్‌నర్‌ను చేత్తో ఎత్తి పట్టుకుని మేఘాల్లో నడుపుతున్నట్టు వీధంతా పరిగెత్తేవాణ్ణి. ఎదురొచ్చిన పెద్దవాళ్ళు "యాడికప్పా, రాయడానికా?" అని అడిగేవాళ్ళు.

విమానాల వార్తలు నాకు మిరపకాయ బజ్జీల మీదుగా వచ్చేవి. మా ఇంటికి పేపరు రాదు. వీధి చివర ఉగ్గాని, బజ్జీలు అమ్మే అంగట్లో పాత పేపర్ల కట్ట ఉండేది, అందులో ఏ విమానం బొమ్మ కనిపించినా నాకు దాంట్లోనే చుట్టి ఇచ్చేవాడు అంగడాయన. నూనెకు కాగితం అద్దంలా అయిపోయి, ముందు పేజీ జాగ్వార్ విమానం మీద వెనక పేజీ శ్రద్ధాంజలి ప్రకటన ముసలాయన కూర్చున్నట్టు కనపడేది. అట్లా తిని, చదివి, ఆరబెట్టి, ఫలానా చోట కొత్త విమానాలు దిగాయని మరునాడు బళ్ళో గొప్పగా చెబితే, అవి దిగి నెలలైందని మాస్టారు నవ్వేవారు. నేను చెప్పే వార్తలకు వాసన మాత్రం తాజాగా ఉండేది.

ఈ విద్య చూసే మా తరగతి కిశోర్ నన్ను వాళ్ళింటికి రానిచ్చాడు. కిశోర్ నాన్న పత్తి దలాలి. అందరూ శెట్టిగారు అనేవాళ్ళు. నడిమింట్లో పెద్ద టీవీ, దాని పక్కన అద్దాల బీరువా, అందులో కిశోర్ కోసం బెంగుళూరు నుంచీ బొంబాయి నుంచీ తెప్పించిన నిజమైన డైకాస్ట్ విమానాలు. సాయంత్రం వార్తల్లో విమానం కనపడగానే శెట్టిగారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "ఏందిరా ఇది?" అనేవారు, నేను గుమ్మం దగ్గర చాప మీంచే "మిగ్ సార్", "మిరాజ్ సార్" అనేవాణ్ణి. ఆ నడిమింట్లో నేను కూర్చోవడానికి నాకున్న అర్హత అదొక్కటే. అందుకే ఆ సంవత్సరం దసరా సెలవులకు కిశోర్ తన జాగ్వార్‌ను, బీరువాలో అన్నిటికంటే ముందు వరసలో ఉండేదాన్ని, ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలు మచ్చలుగా ఉన్నదాన్ని నా చేతిలో పెట్టి "రెక్కల కింద పట్టుకో, పైన ముట్టుకోవద్దు, సెలవులయ్యాక తెచ్చివ్వు" అని ఎమ్మిగనూరుకు పంపించినప్పుడు, బస్సులో ఆ దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూత్రానికి కూడా దిగలేదు.

ఎమ్మిగనూరులో మా జేజి ఉండేది, మా నాన్నకు అమ్మ. మగ్గం నేసే ఇల్లు. పొద్దున్నే గంజి వాసన, రంగు నీళ్ళ వాసన, వీధి పొడుగునా మగ్గాల టకటక. జేజి నేతకంటే తోమడానికి పేరు పోయిన మనిషి. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి, కొబ్బరిపీచు: ఈ నాలుగూ ఆమె చేతికిస్తే కిలుం పట్టి పచ్చగా మారిన తాతలనాటి గంగాళం కూడా పెళ్ళికూతురి మొహంలా బయటికొచ్చేది. పండగొస్తే వీధివాళ్ళు తమ ఇత్తడి తెచ్చి ఆమె అరుగు మీద పెట్టి పోయేవాళ్ళు. గుడి దీపాలు కూడా ఆమెకే వచ్చేవి. "ఆయమ్మ సెయ్యి పడితే సామాను సెడదు" అనేవాళ్ళు, ఆ మాట విన్నప్పుడు జేజి ఏమీ విననట్టు ఇంకాస్త గట్టిగా రుద్దేది.

ఆయుధపూజ ముందురోజు నేను చింత చెట్ల కింద గోలీలాడి వచ్చేసరికి, మగ్గం నాడెలూ కత్తెరా కత్తిపీటా తోమి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. వరస చివర, వెండి చేపలాగా, నేను ఎరగని ఒక విమానం ఎండలో మెరుస్తోంది.

"ఎంత కిలుం పట్టించినార్రా దీనికి! పొద్దున్నించీ నానబెట్టినా. ఆ పిల్లోనికి ఒక అమ్మ లేదా, కడగడానికి?" అంది జేజి, చేతులు ఆరబెట్టుకుంటూ.

ఆకుపచ్చా లేదు, మట్టిరంగూ లేదు, రెక్కల మీది గుండ్రటి గుర్తులు లేవు. ముక్కు మీద మాత్రం కుంకుమబొట్టు ఉంది. నేను నోరు తెరిచాను, కానీ జేజి మొహం చూసి మూసేశాను. గుడి దీపాలు తోమినప్పుడు కూడా ఆమె మొహం అంత వెలగలేదు. "బాగుంది జేజీ" అన్నాను. మరునాడు ఆ విమానం నాడెల మధ్య పూజ చేయించుకుంది.

సెలవులయ్యాక నన్ను దింపడానికి జేజి తనే ఆదోని వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. "ఆ పిల్లోని అమ్మకు ఒక మాట సెప్పాల. మిగిలినవి గూడా ఆడనే కూసోని తోమిచ్చి పోతా" అని నానబెట్టిన చింతపండు టిఫిన్ డబ్బాలో వేసుకుని నా వెంట బయల్దేరింది. శెట్టిగారి వీధిలో నేను ఆమెకు పది అడుగులు ముందు నడిచాను. "ఆగప్పా, పారిపోతాండావా ఏంది?" అని వెనకనుంచి వీధంతా వినేటట్టు పిలిచింది. పారిపోయే దారి ఉంటే పోయేవాణ్ణే.

నడిమింట్లో శెట్టిగారూ, ఇద్దరు పత్తి వ్యాపారులూ, కిశోర్ టీవీ చూస్తున్నారు. వాయుసేన వేడుకలేవో, వార్తల్లో విమానాలను వరసగా నిలబెట్టి చూపిస్తున్నారు. జేజి గుమ్మంలో నిలబడి, కొంగులోంచి మెరిసే విమానాన్ని తీసి, కిశోర్ అమ్మ వైపు చాపింది. ఎవరూ ఏమీ అనకముందే టీవీ వైపు చూసింది. ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలతో ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి.

"వాళ్ళు గూడా కిలుం తోమించుకోరా సామీ?" అంది.

శెట్టిగారు అలవాటు కొద్దీ, కళ్ళు తిప్పకుండా, "ఏందిరా ఇది?" అన్నారు.

"జాగ్వార్ సార్" అన్నాను నేను కూడా అలవాటు కొద్దీ.

కిశోర్ లేచి వచ్చి జేజి చేతిలోది చూశాడు. "అది కిలుం కాదవ్వా" అన్నాడు మెల్లిగా. "రంగు. పైనుంచి చూస్తే కనపడకుండా వేస్తారు."

వ్యాపారుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండో ఆయన ఆపుకోవాలని కూడా అనుకోలేదు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా నవ్వుతోందని ఒక్క క్షణం అనుకున్నాను. శెట్టిగారు మంచివారు, "పోనీలే అవ్వా, బొమ్మే గదా, ఇంగొకటి తెప్పిస్తాం" అన్నారు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త సులువయ్యేది. "వద్దు సామీ, నాకియ్యండి, నేనే రంగేసి పంపిస్తా" అని దాన్ని మళ్ళీ కొంగులో చుట్టుకుంది. చింతపండు డబ్బా మూత కూడా తీయలేదు. బస్టాండు దాకా ఆ డబ్బా నేనే మోశాను.

ఆ తర్వాత జేజి అరుగు మీదికి వీధి ఇత్తడి రావడం మానలేదు గానీ, ఆమె తీసుకోవడం మానింది. "కండ్లు కనపడటంలే" అనేది. ఆ కళ్ళతోనే విమానాల వార్తలు చూసేది. సీరియల్ మధ్యలో ఆపి వార్తలు పెట్టించి, "ఒరే, ఇమానాలొచ్చినాయి, బిర్రన రా, ఆ పచ్చమరక రెక్కకు యాడ మొదలైతాదో సూడు" అని, నేను సెలవులకు పోతే నన్నూ, పోకపోతే పక్కింటి పిల్లలనూ కూర్చోబెట్టేది. ఆదోని బజ్జీల అంగడాయనకు నాతో చెప్పించి విమానం బొమ్మలున్న కాగితాలన్నీ తెప్పించుకుంది. మా వంశంలో నాకంటే గట్టిగా ఈ పిచ్చి పట్టింది ఆమెకే అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఈలోపు విమానం మెరుపు పోయి నల్లబడింది. చివరికి ఏరువాకకు ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన రంగు డబ్బాలు పక్కింటి రైతు దగ్గర అడిగి తెచ్చుకుంది. పచ్చ సరిగ్గానే కుదిరింది. ఆ పచ్చలోనే ఎర్ర కలిపి మట్టిరంగు చేసింది. నూలుకు రంగులద్దిన ఇంటి మనిషికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. వచ్చిన చిక్కంతా మచ్చల దగ్గర. ఎడం రెక్క మీద ఒక మచ్చ వేస్తే కుడి రెక్క మీద దానికి జత వేయకుండా ఆమె చేతికి నిద్ర పట్టదు. నలభై ఏళ్ళు చీరల మీద బుటాలు నేసిన చేయి అది. అయిపోయేసరికి జాగ్వార్ ఒంటినిండా బుటాలు, రెక్కల చివర సన్నని అంచు, తోక మీద కొంగు. కనపడకుండా ఉండాల్సిన విమానాల్లో దీనంత అందంగా కనపడేది ఇంకొకటి ఉండదు.

దాన్ని కిశోర్‌కు ఇచ్చే పని నాది. పేపర్లో చుట్టి, బడి గేటు దగ్గర అతని చేతిలో పెట్టి, అతను విప్పకముందే వచ్చేశాను. ఆ తర్వాత శెట్టిగారి నడిమింటికి పోలేదు. వాళ్ళు ఆ ఇల్లు అమ్మి హైదరాబాదు పోయేదాకా మార్కెట్‌యార్డు మీదుగా చుట్టు తిరిగి బడికి పోయేవాణ్ణి. "ఏమన్న్యాడప్పా ఆ పిల్లోడు?" అని జేజి అడిగితే "బాగుందన్న్యాడు" అని చెప్పాను. ఆమె మళ్ళీ అడగలేదు. నమ్మితే అడిగేదే.

నిన్న కోడుమూరు వాళ్ళు వచ్చేలోపు, మంచం అంచున కూర్చుని ఫోను చూస్తున్నాను. డైకాస్ట్ పిచ్చివాళ్ళం కొందరం ఒక గ్రూపులో ఉంటాం; అందులో కిశోర్ కూడా ఉన్నాడు, నేను నోరెత్తను. చిన్న ఇంటికి మారుతున్నానని తన విమానాలన్నీ అమ్మకానికి ఫొటో పెట్టాడు. ముందు వరస చివర, బుటాల జాగ్వార్. ఆ చివరిదాని రేటెంత, ఏ దేశం రంగులవి, అని ఎవరో అడిగారు. కిశోర్ కింద రాశాడు: "అది అమ్మేది కాదు. ఫొటోలో పడింది, అంతే."

మా నడిమింట్లో, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్న జేజి పండగ చీర కట్టుకుని, వచ్చేవాళ్ళ కోసం ఉడకబెట్టిన శెనక్కాయ బుడ్డలు ఒలుస్తోంది. ఫొటో పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూసింది. నేను కిశోర్ రాసిన మాట చదివాను. ఆమె వినలేదు.

"ఎడం రెక్క మీద బుటా ఒకటి తక్కువుంది సూడు" అంది.

"ఎవురికీ కనపడదులే జేజీ."

"నాకు కనపడలేదా? ఇన్నేండ్లు ఆ పిల్లోడు దాన్నట్లనే ముందర పెట్టుకోని కూసున్నాడా! ఎంతమంది సూసినారో ఏమో. సిగ్గు పోతాది. తెప్పీరా, ఏసిస్తా."

ఆ రంగు డబ్బా దొరకదు. పక్కింటి రైతు ఎద్దులమ్మి ట్రాక్టరు కొన్నాడు, దానికి కొమ్ములు లేవు. శెట్టిగారి నడిమింట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లమ్ముతున్నారు. బజ్జీలు తెల్ల ప్లేట్లలో ఇస్తున్నారు, చదవడానికి ఏమీ ఉండదు. వార్తల్లో విమానాలకు కూడా ఆ పచ్చమచ్చలు పోయాయి, అన్నీ బూడిదరంగే. "వాళ్ళు గూడా తోమించినట్లున్నారు" అని ఆ మధ్య నేనంటే ఇల్లంతా నవ్వారు, జేజి తప్ప.

బొటనవేలు తడి చేసుకుని, ఆ తక్కువైన బుటా ఉండాల్సిన చోట ఫోను మీద మెల్లిగా రుద్దింది. ఫొటో పక్కకు జరిగి, విమానం తెర మీంచి పోయింది. జేజి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనేం చెయ్యలేదప్పా" అంది.

ఏం కాలేదని మళ్ళీ తెచ్చి చూపించాను. ఈసారి చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుని చూసింది.