చల్లగా బిగించిన బోల్టు

కర్మాగారంలో అందరూ ఆయన్ను పిరికి మామ అనేవారు. ఎదురుగా అన్నా ఆయన కోప్పడేవాడు కాదు. నిలువెత్తు ఉక్కు పాత్రలో వాయువును బిగబట్టి, దాని లోపలే ఇనుము నీరైపోయేంత వేడి పుట్టించే పని మరి. అక్కడ భయం లేనివాడి పక్కన నిలబడకూడదని ఆయన నమ్మకం.

ఆ వేడి పుట్టించేవి మాలిబ్డినం రేకులు. ఎంత కాలినా కరగని జగమొండివి. కానీ ఒకసారి బాగా కాలి చల్లారాయా, గాజులా పెళుసైపోతాయి. అందుకే వాటిని పట్టి ఉంచే బోల్టు బిగించే ముందు రేకులను వేడిగాలి గొట్టంతో కాసేపు వెచ్చబెట్టడం పిరికి మామ అలవాటు.

ఆయన దగ్గరే పనిచేసే బావమరిదికి అది చూస్తే నవ్వు. తల్లిలేని ఆ తమ్ముణ్ణి పిరికి మామ భార్యే చంకనేసుకుని పెంచింది. "దానికేమైనా చలిజ్వరమా బావా?" అని ఆ ఉదయం నలుగురిలో అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. ఎప్పుడూ లేనిది ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. గొట్టం పక్కన పడేసి, చల్లటి రేకు మీదే బోల్టు బిగించాడు. టిక్కుమంది. పానా జారిందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి వేడి, ఒత్తిడి రెండూ పైకెక్కాయి. కింద కవాటం బుసలు కొడుతోందని బావమరిది పాత్ర కిందున్న గోతిలోకి దిగాడు, దిగకూడదని తెలిసే. అద్దం వెనక మీటల ముందు కూర్చున్న పిరికి మామకు రేకులకు వెళ్లే కరెంటును చూపే ముల్లు వణకడం కనిపించింది. పొద్దున విన్న టిక్కు గుర్తొచ్చింది. విరిగిన రేకు వేలాడుతూ ఉక్కు గోడను తాకితే నిప్పులు చిమ్ముతుంది. గోడ ఆ ఒక్కచోటే కాలి మెత్తబడుతుంది. మెత్తబడ్డ గోడ లోపలి ఒత్తిడికి ఆగదు. ఆ తర్వాత గోతిలో ఉన్నవాడి సంగతి తలచుకోలేకపోయాడు. భార్యకు ఏ ముఖం చూపించాలి? అలాగని ఆపితే? ఇప్పటికే రెండుసార్లు ఉత్తపుణ్యానికి యంత్రం ఆపాడు. మళ్లీ ఆపితే గేటు దారి చూసుకోమని మేనేజరు చెప్పి ఉన్నాడు.

ముల్లు మళ్లీ వణికింది. యంత్రం ఆపే మీట నొక్కేసి, మైకులో బావమరిదిని పైకి రమ్మని బతిమాలాడు.

మర్నాడు మూత తీస్తే రేకు రెండు ముక్కలై వేలాడుతోంది. గోడ మీద అరచేయంత నల్లటి మచ్చ. మేనేజరు పిరికి మామ భుజం తట్టాడు. నిన్న నవ్వినవాళ్లు ఆయన భయానికి దణ్ణం పెట్టారు. బావమరిది ఆయన రెండు చేతులూ పట్టుకుని, బావ లేకపోతే నేను లేనని అక్కకు చెప్పానంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఉద్యోగం ఉంటుంది, పరువూ ఉంటుంది. కానీ ఆ చేతుల్లో తన చేతులు పెట్టుకుని ఊరుకోవడం ఆయనవల్ల కాలేదు.

"విరగ్గొట్టింది నేనేరా," అన్నాడు. "వెచ్చబెట్టకుండా బిగించాను. టిక్కుమంది. విని కూడా నిన్ను గోతిలోకి దిగనిచ్చాను."

 బావమరిది పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేశాడు.