సోమవారం దాకా ఆగబాకండి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చబోతుంటే నెల్లూరు పిల్లల ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరో చిన్న వయసు అమ్మాయి, గొంతులో చాలా మర్యాద. కొత్తగా ఒక పరిశోధన మొదలుపెడుతున్నారట, జబ్బుపడిన పిల్లల తల్లిదండ్రుల్ని కూడా డాక్టర్లతో సమానంగా కూచోబెట్టి సలహా అడుగుతారట. "మీరు మునుపు చేసినారంట కదా మేడం, ఈసారి కూడా ఉంటారా?" అనింది. నాకు మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కే ఓపిక లేదు, మాట్లాడే ఓపిక అంతకన్నా లేదు. అయినా సరేనన్నాను. ఫోను పక్కన పెట్టినాక నిద్ర రాలేదు. జువ్వలదిన్నె అక్క గుర్తొచ్చింది.

మా అమ్మాయికి ఆరో ఏట మొహం ఉబ్బింది. పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకునేవి కావు. కిడ్నీల జబ్బు, మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయన్నారు. మాత్రలు వేస్తే తగ్గేది, మానేస్తే మళ్ళీ వచ్చేది. ఆ మాత్రలకు బుగ్గలు బూరెల్లా అయితే, బళ్ళో పిల్లలు ఏడిపించేవాళ్ళు. నేను తోటపల్లి గూడూరులో తెలుగు టీచర్ని. తరగతిలో నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టేదాన్ని, ఇంట్లో ఒక్క పిల్ల చేత ఉప్పులేని పప్పు తినిపించలేక ఏడ్చేదాన్ని. రోజూ తెల్లారి దాని మూత్రం గాజుగొట్టంలో పోసి దీపం మీద కాచాలి. తేటగా ఉంటే ఆ పూటకు బతికినట్టు. విరిగిన పాలలా తెల్లబడితే మళ్ళీ నెల్లూరు బస్సు. ఇప్పుడు దానికి ఆ జబ్బు లేదు, తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఆ రోజులు దానికి సరిగ్గా గుర్తు కూడా లేవు.

అప్పట్లో మా పిల్లల్ని చూసే డాక్టరమ్మ ఒక పరిశోధన తలపెట్టింది. తల్లులే ఇంట్లో ఈ పరీక్ష చేసుకుని డైరీలో రాసుకుంటే పిల్లలకు మేలవుతుందా, కాదా అని. దాన్ని ఎట్లా నడపాలో మమ్మల్నే అడుగుతానని ఐదారుగురు తల్లుల్ని పోగుచేసింది. అందులో చదువుకున్నదాన్ని నేను. చదువు రానిది జువ్వలదిన్నె అక్క. ఎండుచేపలు అమ్మేది. బోటు మీద పోయే మొగుడు, జబ్బు చేసిన ఒక్క కూతురు. ఇల్లంతా ఉప్పుచేపల వాసన, ఆ పిల్లకు మాత్రం ఉప్పులేని కూడు. మొదటి మీటింగుకు డాక్టరమ్మకని కాగితంలో నెత్తళ్ళనే ఎండు చిన్నచేపలు పొట్లం కట్టి తెచ్చింది. ఏసీ గది, తలుపులన్నీ మూసున్నాయి. పది నిమిషాలకు పెద్ద డాక్టరుగారు కళ్ళు తుడుచుకుంటా లేచి కిటికీ తెరిచినాడు. డాక్టరమ్మ మాత్రం పొట్లం తీసి తన సంచిలో పెట్టుకుంది.

డైరీలో ఏమేమి రాయాలో మేం గంటసేపు వాదించుకున్నాం. అక్క అంతా విని, "నాకు రాత రాదు. సున్నా గీస్తా. తేటగుంటే ఉత్త సున్నా, తెల్లగుంటే నిండా పూస్తా. చాలదా?" అనింది. చాలింది. డైరీ అట్లాగే అచ్చేసినారు. నా వంతు పని తల్లిదండ్రులకిచ్చే సమాచార పత్రం దిద్దడం. నాలుగు పేజీలు. 'రావలెను' అని ఉన్నచోటల్లా 'రావాలి' అని మార్చినాను, ఒత్తులు సరిచేసినాను, ఎర్ర పెన్నుతో. ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయినాను. 'ప్రతి సోమవారం డైరీ తీసుకుని ఆసుపత్రికి రావాలి' అన్న వాక్యం నా చేత్తో దిద్దిందే.

ఒక శనివారం అక్క కూతురికి జ్వరమొచ్చింది. సాయంత్రానికి కడుపులో నొప్పి అనింది. అక్క మొగుడు పక్కింటి అమ్మాయి చేత ఆ పత్రం చదివించినాడు. సోమవారం రమ్మని ఉంది. ఎటూ ఎల్లుండి పోతాం కదా అని ఆగినారు. సోమవారం ఆటోలో బిట్రగుంట, అక్కడ రైలెక్కి నెల్లూరు చేరేసరికి పిల్లకు మాట లేదు. ఈ జబ్బున్న పిల్లలకు జ్వరమూ కడుపునొప్పీ కలిసొస్తే గంటల్లో ముదురుతుంది. గురువారం పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల.

కబురు తెలిసిన రోజు ఆ పత్రం తీసి మొదటినుంచీ చదివినాను. ఒక్క అక్షరం తప్పు లేదు.

తర్వాతి మీటింగుకు అక్క రాదనుకున్నాం. వచ్చింది. డాక్టరమ్మ లేచి నిలబడింది. "నన్నెవురూ ఓదార్చబాకండి," అనింది అక్క. "టీచరమ్మా, ఆ కాగితం గట్టిగా చదువు."

నాలుగు పేజీలూ చదివినాను.

"జరమొస్తే ఏం చేయాలో యాడన్నా ఉందా?"

"లేదక్కా."

"నేను నోటితో చెప్పాననే అనుకున్నాను," అనింది డాక్టరమ్మ, మెల్లగా.

"చెప్పినావేమో తల్లీ, నాకు గుర్తులేదు. మీ మీద కోపంతో రాలా. ఇంకో తల్లి ఆగుతాది, అందుకని వచ్చినా. రాయి టీచరమ్మా." ఆమె చెబుతుంటే రాసినాను: జ్వరమొచ్చినా, కడుపులో నొప్పి అన్నా సోమవారం దాకా ఆగబాకండి, ఆ పూటే తీసుకురండి.

దాన్ని ఆమోదించాల్సిన కమిటీవాళ్ళు 'ఆగరాదు' అని మార్చి వెనక్కి పంపినారు. అక్క ఒప్పుకోలేదు. "ఆగరాదంటే అది గోడ మీద రాత. ఎవురో మనిషి చెప్పినట్టుండాల." జీవితంలో మొదటిసారి నేను వ్యాకరణానికి ఎదురు నిలిచి ఉత్తరం రాసినాను. పత్రం కమిటీకీ ఆసుపత్రికీ మధ్య మూడు నెలలు తిరిగింది. డాక్టరమ్మ అచ్చుకోసం ఆగకుండా వార్డులో, ఓపీలో ప్రతి తల్లికీ తనే చెప్పేది. అక్కా ఆగలేదు. ప్రతి సోమవారం బేరం మానుకుని రైల్లో వచ్చి, ఓపీ ముందు బల్ల మీద కూచుని, ఉబ్బిన మొహంతో బిడ్డ కనబడితే చాలు ఆ తల్లి చెయ్యి పట్టుకునేది. "నా బిడ్డ పోయిందమ్మా, నువ్వు ఆగబాక" అని చెప్పేది. కొందరు భయపడి జరిగిపోయేవాళ్ళు. కొందరు ఆమెతోపాటు ఏడ్చేవాళ్ళు. ఒకామె మాత్రం, రెండు వారాల తర్వాత, ఆదివారం పొద్దున్నే జ్వరంతో ఉన్న బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ఆ బిడ్డ బతికింది.

కొత్త పత్రం వచ్చిన రోజు నేనే అక్క చేతికిచ్చినాను. మొదటి పేజీలో అన్నిటికన్నా పైన, పెద్దక్షరాలతో, ఆమె మాటే. ఎక్కడుందో చూపించమంది. బొటనవేలితో ఆ వరుస మొదటినుంచి చివరిదాకా తడిమింది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

రైలుకు టైమయిందని లేచింది. ఆ తర్వాత మీటింగులకు రాలేదు, మేమూ పిలవలేదు. పరిశోధన పూర్తయింది, పిల్లలు పెద్దవాళ్ళయినారు, తల్లులం ఎవరిళ్ళకు వాళ్ళం చేరినాం. ఆ వాక్యం రాయడానికి నాకు పట్టింది అర నిమిషం. శనివారానికీ సోమవారానికీ నడుమ ఉన్న ఆ రెండు రోజులు మాత్రం, ఇన్నేళ్ళయినా, నాకింకా గడవలేదు.