కూర్చున్నచోట తొమ్మిది వేల అడుగులు

హౌసాబాయిని లారీ ఎక్కించారన్న మాట సోలాపూర్‌లో ఆమె పేటంతా పాకడానికి ఒక పూట కూడా పట్టలేదు. పంఢరపురానికి భజన చేస్తూ నడిచి వెళ్లే దిండీలో పంతొమ్మిదేళ్లుగా ఇత్తడి తులసికోట తలమీద మోసిన మనిషి ఆమె. పోయిన ఆషాఢంలో రెండో రోజు, మోహోళ్ దాటాక చింతచెట్ల దగ్గర, ఆయాసం కమ్ముకొచ్చి నడిరోడ్డు మీద కూలబడింది. వెనకాలే వస్తున్న సరూబాయి చటుక్కున కోటను పట్టుకుంది. హౌసాబాయిని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. ఆ తర్వాత నలుగురు కలిసి లేవదీసి, వంట సామాను లారీలో అండాలకూ ఉల్లిపాయ బస్తాలకూ నడుమ కూర్చోబెట్టారు. విఠోబా వాకిట్లో అండాలతో పాటే దిగింది.

మళ్లీ ఎండలు ముదిరి తొలి ఏకాదశి రెండు నెలల దూరంలోకి రాగానే దిండీ పెద్ద దగడూ బువా కబురు తెచ్చాడు.

"ఈసారి కోట సరూ మోస్తుంది హౌసాక్కా. నువ్వు హాయిగా లారీలో రా. మనసు నడిస్తే చాలదా తల్లీ?"

"మనసుకు కాళ్లెక్కడివి బువా? ఉన్న రెండూ నాకే ఉన్నాయి" అంది హౌసాబాయి. బువా ఆమెకంటే నాలుగేళ్లు చిన్న. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, ఆయన్నీ మరిచిపోనివ్వలేదు. గంటసేపు వాదించి చివరికి ఒక మాట పుచ్చుకుంది: డాక్టరు సరేనంటే కోట ఆమెదే.

మునిసిపాలిటీ ఆసుపత్రి డాక్టరమ్మ అంత తేలిగ్గా సరే అనలేదు. రోజుకు ఎనిమిది వేల అడుగులు నడవాలి, మెట్లెక్కితే గుండె నూట ఇరవై దాటకూడదు, అప్పుడు చూద్దాం అంది. కోడలు శుభాంగి తువ్వాళ్ల కార్ఖానాలో అంచులు కుడుతుంది. తన చేతి గడియారం విప్పి అత్త ఎడమ చేతికి కట్టింది. అది అడుగులూ లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడమూ లెక్కపెడుతుంది. హౌసాబాయికి అక్షరాలు అంతంతమాత్రం. అంకెల దగ్గర మాత్రం ఎవరూ ఆమెను మోసం చేయలేరు.

"సందు మొగలో జిమ్ము పెట్టారు కదక్కా, చేరకపోయావా?" అని నవ్వింది సరూబాయి.

"చేతుల్లేని బనీన్లేసుకుని అద్దంలో తమ కండలు తామే చూసుకునే కుర్రకారు మధ్యనా? వాళ్లెత్తే ఇనుము ఎక్కడిదక్కడే ఉంటుందే. నేనెత్తే బిందె ఇంట్లోకి నీళ్లు తెస్తుంది."

మొదటి రోజు ఆమె కొత్తగా చేసిందేమీ లేదు. రోజూలాగే తెల్లవారకముందే పొయ్యి దగ్గర కూర్చుని, పక్కవీధి భోజన హోటలుకు నలభై జొన్నరొట్టెలు తట్టింది. మధ్యాహ్నం కునుకు తీసింది. సాయంత్రం శుభాంగి గడియారం చూసి కళ్లు పెద్దవి చేసింది.

"తొమ్మిది వేల రెండొందలు! అత్తా, ఎక్కడెక్కడ తిరిగారు?"

ఆ సంగతి హౌసాబాయికీ తెలియలేదు. అయినా గడియారం అబద్ధమెందుకు చెబుతుందని సరిపెట్టుకుంది. "కష్టం చేసే ఒంటికి వేరే నడకెందుకే?" అంది. మర్నాటి నుంచి ఆమె అంకెలు పేటంతా తిరిగాయి, ఆమె తిరగకపోయినా. కుళాయి దగ్గర నిలబడి, సరూబాయికి వినబడేటట్టు మరీ చెప్పేది.

పదకొండో రోజు పైకి నీళ్లెక్కించే మోటారు చెడింది. రెండు బిందెలతో మూడో అంతస్తులోని ఇంటికి ఎక్కేసరికి ఆమె గుండె నోట్లోకి వచ్చింది. గోడకు ఆనుకుని గడియారం చూసుకుంది. నూట నలభై ఎనిమిది. పది రోజులుగా తొమ్మిది వేలు నడిచిన మనిషికి ఈ ఆయాసమేమిటి? మర్నాడు పొయ్యి దగ్గర అనుమానంగా ఒక కన్ను మణికట్టు మీదే ఉంచింది. అరచేత్తో రొట్టెను తట్టినప్పుడల్లా అంకె ఎగిరి ముందుకు పడుతోంది. ఒక్క రొట్టెకు రెండు వందల అడుగులు! పీటమీద నుంచి కదలకుండా ఆమె సగం దారి పంఢరపురం వెళ్లొచ్చేసింది.

ఎవరికి చెప్పుకుంటుంది? ఊరంతా డప్పు కొట్టింది తానే. గడియారం విప్పి, తాళాల గుత్తి తగిలించే మేకుకు తగిలించింది. రొట్టెలన్నీ అయ్యాక కట్టుకుని, సగం నీళ్లు పోసిన బిందె తలకెత్తుకుని, మూతబడ్డ మిల్లు ప్రహరీ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మొదటి చుట్టులోనే రెండుసార్లు కూర్చుంది. వారం తిరిగేసరికి కూర్చోకుండా రెండు చుట్లు. నెలకు నాలుగు. సాయంత్రాలు రైల్వే వంతెన మెట్లు ఎక్కి దిగేది. రవికె వదులైంది. మోకాళ్లు మూలగడం మానేశాయి. రాత్రి పడుకుంటే కోడి కూసేదాకా మెలకువ లేదు. మెట్లమీద అంకె నూట ముప్పైకి దిగింది, ఆపైన నూట ఇరవైకి, ఆపైన నూట పద్నాలుగుకు.

కానీ అడుగుల లెక్క చూస్తే గుండె చెరువయ్యేది. తలమీద బిందెను రెండు చేతులతో పట్టుకుంటే చేతులు ఊగవు. చేతులు ఊగకపోతే ఆ గడియారం దృష్టిలో మనిషి నిలబడి ఉన్నట్టే.

"పద్నాలుగు వందలేనా? అత్తా, మళ్లీ పడుకున్నారా?"

"నడిచాను."

"ఇది నడవలేదంటోందే!"

"దాన్నే అత్తగా తెచ్చుకో, దాని మాటే నమ్ముదువుగాని" అని హౌసాబాయి లేచి వెళ్లిపోయేది. నిజం చెప్పాలంటే రొట్టెల నడక సంగతి ముందు ఒప్పుకోవాలి. ఆ ఒక్కటీ ఆమెవల్ల కాలేదు.

శుభాంగికి కోపం లేదు, భయముంది. చింతచెట్ల కింద అత్త ముఖం తెల్లగా పాలిపోవడం ఆమె కళ్లారా చూసింది. దిండీ బయలుదేరడానికి పది రోజుల ముందు, గురువారం భజనలో, అందరి ఎదుటా బువాతో చెప్పేసింది. "అత్త నడవడం లేదు. రోజుకు పదిహేను వందలు దాటడం లేదు. కోట ఇవ్వకండి."

"లారీలో మెత్తటి దిండు వేయిస్తాను హౌసాక్కా" అన్నాడు బువా జాలిగా.

ఆ జాలి ఆమె ఒంటికి కారం పూసినట్టయింది. దిగ్గున లేచి, గడియారం విప్పి బువా చేతికి కట్టింది. "కూర్చునే రెండు అభంగాలు పాడు. తాళాలు గట్టిగా వాయించు."

ఆయన తెల్లబోయి పాడాడు. పాట అయ్యాక శుభాంగి అంకె చదివింది. "పదహారు వందల నలభై."

సరూబాయి కడుపు పట్టుకుని నవ్వింది. "బువా, ఆసనం మీద నుంచి లేవకుండానే పొలిమేర దాటేశావు!"

"నా రొట్టెలూ ఇలాగే నడిచాయి" అంది హౌసాబాయి. "మొదటి పది రోజులూ నేను అడుగు కదపలేదు. ఆ తర్వాత బిందె మోస్తూ నడిచిన నడక ఇది లెక్కపెట్టలేదు. అప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెబుతున్నా. చేతికొద్దు, దీన్ని నా కాలికి కట్టండి. తర్వాత వంతెన మెట్లెక్కించి నా గుండె చూడండి."

మర్నాడు గడియారం ఆమె కాలికి కడియంలా వేలాడింది. శుభాంగి సెలవు పెట్టి పొద్దంతా వెంట నడిచింది. తలమీద బిందెతోనే పన్నెండు వేల నాలుగు వందలు. వంతెన పైన కాలి నుంచి చేతికి మార్చి చూస్తే నూట పదమూడు. శుభాంగిది నూట యాభై రెండు.

"నీకు లారీలో చోటు చూడమంటావా?" అంది అత్త.

"మెత్తటి దిండు కూడా వేయించండి" అంది కోడలు వగరుస్తూ.

డాక్టరమ్మ సరేనంది. బువా కోట తెచ్చి ఇచ్చాడు. హౌసాబాయి దాన్ని అందుకుంటూ అందరి ముందూ చెప్పింది. "దారిలో నా గుండె నూట ఇరవై దాటితే నేనే తీసి సరూ నెత్తిన పెడతాను. నన్నెవరూ అడగక్కర్లేదు."

రెండో రోజు మధ్యాహ్నం మోహోళ్ దాటారు. చింతచెట్లు వచ్చాయి. దిండీలో ఆడవాళ్లందరి చూపూ ఆమె మీదే. శుభాంగి పరుగున వచ్చి అత్త మణికట్టు చూసింది. నూట తొమ్మిది.

హౌసాబాయి ఆగింది. కోట దించి సరూబాయి తలమీద పెట్టింది.

"దాటలేదు కదక్కా!" అంది సరూబాయి కంగారుగా.

"దాటలేదు. పోయినేడు దీన్ని నేల తాకనివ్వనిది నువ్వే కదా, వచ్చే ఊరిదాకా మోయి. నేను కాస్త చేతులు ఊపుకుంటూ నడుస్తాను. ఈ నాలుగడుగులైనా గడియారం లెక్కలోకి రానీ."

అంటూ రెండు చేతులూ బారెడు బారెడు ఊపుకుంటూ, బువాను కూడా దాటేసి ముందుకు వెళ్లిపోయింది.