కొట్టే చేపను బయటికి తీసినాయన

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు మిరపకల్లంలో అందింది. గుంటూరు దగ్గర మా పుట్టింటి ఊళ్ళో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాను. సెల్లు చేత్తో పట్టుకుని మా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఒంగోలు నుంచి ఫోను. మీ మావయ్యగారు పొద్దున గుండెనొప్పితో పోయారంట" అన్నాడు. కారం చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. నీళ్ళు ధారగా కారాయి. ఏడుస్తున్నాననుకుని అందరూ ఓదార్చారు. అది కారం అని నేను చెప్పలేదు. పెద్దకర్మ అయి నాలుగు రోజులైనా నాకింకా ఏడుపు రాలేదు.

ఆయన పొగాకు కంపెనీలో గుమాస్తాగా రిటైరయ్యారు. ఆ ఏడాదే రెండడుగుల అద్దాల తొట్టె కొని టీవీ పక్కన పెట్టుకున్నారు. చీమకుర్తి నుంచి గ్రానైటు ముక్కలు తెప్పించి అందులో గూళ్ళలా పేర్చారు. ఆరు ఏంజెల్ చేపల్ని వేశారు. అత్తగారు అప్పటికే లేరు. ఇంట్లో ఇద్దరు కోడళ్ళం, వంటిల్లు ఒకటి. ఇక చెప్పేదేముంది!

నాకు నోరెక్కువ. నా తోటికోడలు అప్పుడే కాపురానికొచ్చింది, నెమ్మదస్తురాలు. ఆమె తాలింపు పెడుతుంటే గరిటె లాక్కునేదాన్ని. "అక్కా, పప్పులో ఉప్పు వేయడం నాకూ వచ్చు" అందోసారి. "ఏడ్చావులే, మొన్న వేశావుగా సముద్రం!" అన్నాను. వేరుకాపురం పెడదామని ఆమె మా మరిదితో అంటోందని తెలిసింది. పోతే పోనీ అనుకున్నాను నేను. మావయ్యగారికి మాత్రం ఆ మాట చెవిన పడ్డాక అన్నం సహించలేదు.

ఆ వారమే తొట్టెలో నల్లచారల చేప ఒకటి చిన్నదాని తోక చీల్చేసింది. పాపం, చిన్నదాన్ని తీసి వేరే పెడదామన్నాను. ఆయన పీట వేసుకుని గంటసేపు తొట్టె ముందు కూర్చున్నారు. తర్వాత లేచి నల్లచారలదాన్నే వలతో పట్టి, పెద్ద గాజు సీసాలో వేశారు.

"కొట్టేదాన్ని తీయాలమ్మాయ్. దెబ్బలు తిన్నదాన్ని తీస్తే, తిరిగొచ్చాక మళ్ళీ అదే కొత్తదై దెబ్బలు తింటుంది" అన్నారు.

చీలిన తోక మానడానికి కల్లుప్పు కరిగించి తొట్టెలో కొంచెం పోశారు. రాళ్ళన్నీ తీసి వేరే తీరుగా పేర్చారు. నాలుగు రోజుల తర్వాత నల్లచారలదాన్ని వదిలితే, తన మూల ఏదో తెలియక బుద్ధిగా తిరిగింది.

మర్నాడు నాతో, "మిరపకోతలు కదమ్మాయ్, మీ అమ్మ ఒక్కతే అవస్థ పడుతుంటుంది. ఓ వారం ఉండిరా" అన్నారు. ఎంత మంచి మావగారో అనుకుని బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి వంటిల్లు వంటిల్లులా లేదు. స్టవ్వు కిటికీ కిందికి వెళ్ళింది. డబ్బాల వరసే మారిపోయింది.

"వాస్తు బాగోలేదని మావయ్యగారు మార్పించారక్కా" అంది తోటికోడలు.

జన్మలో వాస్తు నమ్మని మనిషి! "ఉప్పెక్కడే?" అని ఆమెనే అడగాల్సొచ్చింది. తీసిచ్చింది. చెప్పొద్దూ, ఆ రోజు గరిటె లాక్కోలేదు. రోజులు గడిచేకొద్దీ వేరుకాపురం మాటా వినబడడం మానేసింది.

మట్టిబుర్రని, సంగతి నాకు రెండేళ్ళకి వెలిగింది. "మావయ్యగారూ, నన్ను సీసాలో పెట్టారు కదూ?" అని నిలదీశాను. ఆయన చేపలకి మేత చల్లుతూ తలెత్తకుండానే, "ఏ మాటకామాట చెప్పుకోవాలి. చేపకి నాలుగు రోజులు సరిపోయాయి, నీకు వారం పట్టింది" అన్నారు. ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. అప్పటినుంచి ఏటా కోతలకి నేను బయల్దేరుతుంటే, "సీసా కడిగి పెట్టమంటావా?" అని వెనకనుంచి అనేవారు. ఈసారీ అన్నారు. బస్సు తొందరలో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నిన్న మళ్ళీ ఒక చేపకి తోక చీలి ఉంది. సీసా తెచ్చి పెట్టుకుని ఆయన పీట మీద కూర్చున్నాను. చేపలు తిరుగుతున్నాయి. నేను చూస్తున్నాను. అంతే, నా మనసులో ఏమీ లేదు. తోటికోడలు వచ్చి పక్కన నేల మీద చతికిలబడింది.

"ఏదక్కా కొట్టేది?"

"ఎంత చూసినా తెలియట్లేదే."

"ముందు ఉప్పన్నా పోద్దాం" అని లేచి లోపలికెళ్ళింది. డబ్బాల చప్పుడు చాలాసేపు వినబడింది. కర్మకొచ్చిన చుట్టాలు వండి, కడిగి, ఎవరికి తోచినచోట వాళ్ళు సర్దేసి ఆ పొద్దునే వెళ్ళారు.

"అక్కా, ఉప్పెక్కడుంది?"

"నాకూ తెలియదే" అన్నాను. ఆ రోజు నేను ఆమెనడిగిన మాటే అది.

నేనూ లేచి వెళ్ళాను. ఇద్దరం చెరోవైపు నుంచీ ఒక్కో డబ్బా మూత తీసి చూస్తూ వచ్చాం. హాల్లో తొట్టె ముందు పీట, దాని పక్కన ఖాళీ సీసా అలాగే ఉన్నాయి.