నా బినామీ విమానాలు

బహ్రెయిన్‌లోని మహూజ్‌లో ఒకే గదిలో ఆరుగురం సర్దుకుని బతికిన ఆ రోజుల్లో మాలో ప్రతి ఒక్కరికీ సొంత విమాన కంపెనీ ఉండేది. (విమానం ఎక్కింది మాత్రం తలా ఒక్కసారే, అదీ ఇక్కడికి వచ్చేటప్పుడు.) ఫోనులో ఆడే ఆట అది. ఆట ఇచ్చే ఉత్తుత్తి డబ్బుతో విమానాలు కొనాలి, ఊరికీ ఊరికీ మధ్య రూటు తెరవాలి, టికెట్టు ధర పెట్టి రోజూ మన చేత్తోనే వాటిని పంపాలి. ఒక రూటులో రోజుకు ఇంతమందే ప్రయాణికులు. ఇద్దరు దిగితే ఎవడు ధర తగ్గిస్తే వాడివైపు పోతారు. పగలంతా ఇనుప రాడ్లు మోసి వచ్చి, లండన్‌కు ఇంకో విమానం వెయ్యాలా వద్దా అని తలలు బద్దలు కొట్టుకునేవాళ్లం. ఆ వయసులో మనిషికి సిగ్గు తక్కువ, ఆశ ఎక్కువ.

మొదటి నెలలోనే రూట్ల కోసం కొట్లాటలు మొదలయ్యాయి. అప్పుడు మా రూములోనే ఉంటూ, మేం పనిచేసే కంపెనీ వ్యాను నడిపే నిజామాబాద్ భాయ్ అందుకున్నాడు. "రూల్స్ పెట్టుకుందాం. ఈ పోరడు న్యాయంగల్లోడు. మొన్న ఏసీ లొల్లి గూడ వీడే తెంపిండు. ఇయ్యాల్టి సంది వీడే మన సర్పంచ్" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. భాయ్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను కొత్తగా వచ్చి అన్నం సహించక కూర్చుంటే, తన డబ్బాలోది సగం నా పళ్లెంలో పెట్టినవాడు. అలాంటి మనిషి నలుగురిలో ఆ మాట అంటే నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ రోజే మూడు రూల్స్ రాసి గోడకు అంటించాను. ఒక రూటులో మన రూమువాళ్లు ఇద్దరు దిగకూడదు. ముందు తెరిచినవాడిదే హక్కు. వారం రోజులు విమానం పంపకపోతే ఆ హక్కు పోయినట్టే, అడిగినవాడు తీసుకోవచ్చు. ఈ మూడోది పూర్తిగా నా సొంత తెలివి.

బహ్రెయిన్ నుంచి హైదరాబాద్ రూటు నాది. లాభం పెద్దగా లేదు. కానీ నాకు సెలవు రావాలంటే ఇంకా పద్నాలుగు నెలలు ఆగాలి. రోజూ ఆ చిన్న విమానం సముద్రం దాటి మనవైపు పోతుంటే కడుపు నిండేది. ఇంతలో సఖీర్‌లో కార్ల రేసుల మైదానం దగ్గర పని తగిలింది. అక్కడ పైఅంతస్తు నుంచి నా ఫోను కిందపడి రెండు ముక్కలైంది. బాగుచేసేవాడు బుక్రా, బుక్రా (రేపు, రేపు) అంటూ తొమ్మిది రోజులు తిప్పాడు. మళ్లీ ఆట తెరిచేసరికి హైదరాబాద్‌కు భాయ్ విమానం పోతోంది.

"సర్పంచ్ సాబ్, నీ రూలు ప్రకారమే తీసుకున్న. తక్కినోళ్లందర్ని అడిగిన. ఏమనుకోవు గద?" అన్నాడు.

"రూలు రూలే భాయ్" అని నవ్వాను. ఆ నవ్వుకు నా దవడలు రెండు రోజులు నొప్పెట్టాయి.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. ఇంకో పేరుతో దొంగ కంపెనీ ఒకటి తెరిచాను. (భూములకు బినామీలుండడం అందరూ ఎరిగిందే. విమానాలకు పెట్టిన మొనగాణ్ని నేనే అయివుంటాను.) హైదరాబాద్ రూటులో దిగి భాయ్ ధరలో సగానికే టికెట్లు అమ్మాను. రూములో ఎవరైనా చూస్తారని బాత్రూములో గడియ పెట్టుకుని ధర మార్చేవాణ్ని. నాలుగు రోజుల్లో భాయ్ విమానాలు ఖాళీగా తిరగసాగాయి.

శుక్రవారం భాయ్ నమాజుకు పోయి వచ్చాక, బగారా అన్నం ముందు పంచాయతీ కూర్చుంది. జగిత్యాల మామ (ఎవరికి మామో తెలియదు, అందరం అలాగే పిలిచేవాళ్లం) కోపంతో ఊగిపోయాడు. "ఎవడో బద్మాష్‌గాడు మన భాయ్ కడుపు కొడుతుండు. సర్పంచ్, నువ్వు జెప్పు, ఏం జేద్దాం?" నేను గొంతు సవరించుకుని, బయటివాడికి మన రూల్స్ వర్తించవని పెద్దమనిషిలా తీర్పు చెప్పాను. భాయ్ నా మొహంలోకే చూస్తూ అన్నం కలుపుతున్నాడు. మామ మాత్రం ఊరుకోలేదు. "గట్లయితే మన రూలు పక్కకు వెట్టి అందరం ఆ రూట్ల దిగుదాం. వాడు దివాలా తియ్యాలె. ముందుగాల సర్పంచ్ విమానాలే పోవాలె" అని తేల్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఇక ఆ వారం నా బతుకు పగవాడికి కూడా వద్దు. మంచం మీద కూర్చుని నా కంపెనీతో బినామీ మీద ధర తగ్గించేవాణ్ని. బాత్రూములోకి పోయి బినామీతో నా కంపెనీ మీద తగ్గించేవాణ్ని. నా వేలితో నా కన్నే పొడుచుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. దొంగ కంపెనీ మూసేస్తే సరిపోయేది. కానీ అప్పుడు రూటు మళ్లీ భాయ్ ఒక్కడిదే అవుతుంది, మర్నాటి నుంచి హైదరాబాద్‌కు నా సొంత విమానమంటూ ఉండదని తలుచుకుంటే చెయ్యాడలేదు. ఒప్పుకుందామంటే, భాయ్ ఇక నన్ను ఏ కంటితో చూస్తాడోనని భయం. అదే నన్ను ఎక్కువ చంపింది.

మరుసటి శుక్రవారానికి బినామీ దివాలా తీసింది. రూమంతా ఈలలు. ఆ వారం నష్టాలకు అమ్ముకున్న దెబ్బకు మర్నాడు నా అసలు కంపెనీ పోయింది, తర్వాత మామది, మిగతావాళ్లవి, చివరికి భాయ్‌ది. న్యాయమైన పోటీ కోసం రూల్స్ రాసుకున్న ఆరు కంపెనీల్లో ఒక్కటీ మిగల్లేదు. హైదరాబాద్‌కు ఇక మాలో ఎవరి విమానమూ లేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే సఖీర్‌కు పోతూ వ్యానులో భాయ్ పక్కన కూర్చున్నాను. వెనక అందరూ కునుకు తీస్తున్నారు. ఇక తట్టుకోలేకపోయాను.

"భాయ్, ఆ దొంగ కంపెనీ నాదే."

భాయ్ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఎరుకే. నువ్వు బాత్రూములకు వోయినప్పుడల్లా టికెట్ ధర దిగుతుండె."

"మరి పంచాయతీల ఎందుకు జెప్పలే?"

"నువ్వే జెప్తవని జూసిన. ఒక దినం ఆగిన, రెండు దినాలు ఆగిన. నేను జెప్తే మళ్ల నీ మాట ఎవడన్న ఇంటడారా? విమానాలదేముంది, మళ్ల కొంటం."

తిట్టినా బాగుండేది. మైదానం వచ్చేదాకా కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాను, కళ్లు తుడుచుకుంటే కనబడుతుందని తుడుచుకోలేదు.

ఇప్పుడు నేను ఆనాటి భాయ్ వయసుకు వచ్చాను. నా కింద పనిచేసే కుర్రాళ్లు అప్పుడప్పుడు అబద్ధం చెప్పి చూపు దించుకుంటారు. తెలిసినా అనను, ఒకటి రెండు రోజులు ఆగుతాను. కొందరు వచ్చి చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనివాణ్ని చూస్తే కోపం రావాల్సింది పోయి నవ్వొస్తుంది. గడియ పెట్టుకుని హైదరాబాద్ టికెట్టు చవక చేస్తున్న ఆ పిచ్చి పోరడే కళ్ల ముందుకొస్తాడు. ఆ తలుపు మెల్లగా తట్టి, "బయటికి రా బిడ్డా, ఆయనకు ఎరుకే" అని చెప్పాలనిపిస్తుంది.