తొలి గంప

మా ఇంట్లో జీతం వచ్చిన రోజు మొదట తీసేది దేవుడి భాగం. పదిలో ఒకటి. ఆ తర్వాతే బియ్యం, కరెంటు, గ్యాసు, చెల్లి హాస్టలు. నాన్న జూట్ మిల్లులో పనిచేసినంత కాలం ఈ వరస మారలేదు. నేను డిప్లొమా పూర్తిచేసి గరివిడిలో ఫ్యాక్టరీ ల్యాబులో చేరాక నా జీతానికీ అదే వరస వచ్చింది. మొదటి నెలే నేనొక ప్రశ్న వేశాను: పదో వంతు తీయాల్సింది కోతలకు ముందు జీతంలోంచా, చేతికొచ్చిన దాంట్లోంచా?

"దేవుడికి కటింగులేటిరా?" అన్నాడు నాన్న. "ఆయన నీకు ఊపిరి పీఎఫ్ కోసుకుని ఇస్తన్నాడేటి?"

ల్యాబులో నా పని లారీల మీద వచ్చే ఖనిజంలోంచి శాంపిళ్లు తీయడం. లారీలో పైన కనిపించే రాయి ఎప్పుడూ మంచిదే. గొట్టం అడుగుదాకా దింపి చూస్తేగాని అసలు సరుకు తెలియదు. ఇలాంటి పని మనిషిని కొంచెం పాడుచేస్తుంది. ఎవరైనా తియ్యగా మాట్లాడితే, దీని అడుగున ఏముందో అని చూడటం అలవాటైపోతుంది.

నాన్న రిటైరైనప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి వచ్చాయి. వాటికి కూడా పదో వంతు తీయాలన్నాడు. పీఎఫ్‌లో తన వాటా మీద ఏళ్ల తరబడి ముందే ఇచ్చేశాడు కదా, కంపెనీ వాటా, వడ్డీ, గ్రాట్యుటీ మీద ఇస్తే సరిపోతుందని నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివాడు. "బాగా ఏసినావు," అన్నాడు. మర్నాడు వెళ్లి మొత్తం మీద పదో వంతు ఇచ్చి వచ్చాడు.

మిగిలిన దాన్ని మూడు భాగాలు చేశాం. పెద్ద భాగం బ్యాంకులో డిపాజిట్. రెండోది వానకు కారుతున్న శ్లాబుకి. మూడోది శ్రీకాకుళంలో నర్సింగ్ చదువుతున్న చెల్లికి ఆఖరి ఏడాది ఫీజు, ఒక కవరులో పెట్టి దాచాం. అది కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అప్పు చెయ్యడం మా ఇంట్లో లేదు. నాన్న దృష్టిలో అప్పున్నవాడికి ప్రార్థనలో కళ్లు మూసుకున్నా అప్పిచ్చినవాడే కనిపిస్తాడు. కాబట్టి ఆ కవరులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. నాకు సంబంధించినంతవరకు ఆ ఏడాది జాగ్రత్తగా కాపాడవలసిన వస్తువు అదొక్కటే.

అప్పుడే కోత పండుగ వచ్చింది.

తెలియనివాళ్లకు చెప్పాలి. కోతలు అయ్యాక ఒక ఆదివారం సంఘంలో అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి చర్చిలో పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కందదుంపలు, కోడిపెట్టలు, సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లయితే ఎండు చేపలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మొదట లేచేది తొలి గంప. కొత్త వడ్లు, గుమ్మడికాయ, పసుపు కొమ్ములు, రెండు కొబ్బరికాయలు అందులో ఉంటాయి. దాన్ని పాడుకున్నవాడు ఇంటికి తీసుకుపోడు, పాస్టరుగారి గుమ్మంలో దింపేస్తాడు. అంటే ఆ పాటకు సరుకు ధరతో సంబంధం లేదు. ఎంతవరకు పోతుందో ఎవరూ చెప్పలేరు. నన్ను భయపెట్టేది అదే.

నాన్న మిల్లు రోజుల్లో ఏటా తొలి గంపకు ఒక పాట పాడి ఊరుకునేవాడు. అది ప్రతిసారీ ఒక చేపల వ్యాపారికి పోయేది. ఆయన బెస్తవాళ్ల కుటుంబంలోంచి వచ్చి మా సంఘంలో చేరిన మనిషి. రెండు లారీలున్నాయి. నాన్నా ఆయనా బావా బావా అనుకుంటారు, నేను మావా అంటాను. ఈసారి నాన్న అమ్మతో అన్నాడు: "ఈ ఏడు గంప నాదే. ఎంతైనా సరే."

ఆ "ఎంతైనా" అన్న మాట విన్నప్పటి నుంచి నేను మనుషుల్ని గమనించడం మొదలుపెట్టాను.

మొదటిది, వేలం వేసే సంఘ పెద్ద. రిటైరైన హెడ్మాస్టరు. అంతకుముందు ఏడాదికి ఒకసారి మా ఇంటికి వచ్చే మనిషి, ఆ నెలలో మూడుసార్లు వచ్చారు. ప్రతిసారీ నాన్న లేనప్పుడే. టీ తాగి, గుమ్మం దగ్గర అమ్మతో గొంతు తగ్గించి ఏదో మాట్లాడి, నేను కనబడగానే "వందనాలు బాబూ, డ్యూటీ అయిపోనాదా?" అని పెద్దగా నవ్వేవారు. డబ్బులొచ్చిన ఇంటికి పెద్దమనుషుల రాకపోకలు పెరగడం నేను చూశాను. రెండోది, రైల్వే గేటు దగ్గర టీ కొట్లో మాస్టారూ చేపల మావా తల దగ్గర తల పెట్టుకుని కూర్చోవడం. నా బండి ఆగగానే మావ గ్లాసు కింద పెట్టి వానల సంగతి ఎత్తుకున్నాడు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు.

నేను తేల్చుకున్నది ఇది: నాన్న ఎంతైనా పాడతాడని వాళ్లకు తెలిసిపోయింది. మావ పక్కన నిలబడి వెయ్యి వెయ్యి చొప్పున పైకి తోస్తాడు. నాన్నను కొండెక్కించి తను ఆగిపోతాడు. మాస్టారు సుత్తి కొడతారు. చర్చికి డబ్బు, మావకు ఖర్చు లేదు, మా చెల్లికి పరీక్ష లేదు.

శనివారం నాన్నతో చెప్పాను. "పదివేలు దాటొద్దు నాన్నా. దాటితే ఫీజులోంచి తీసింది మళ్లీ పూడ్చడం కష్టం."

"దేవుడి కాడ గట్టు ఎయ్యకురా."

"దేవుడి దగ్గర కాదు. మనుషుల దగ్గర వేస్తున్నాను. ఆ ఇద్దరూ కలిసి నిన్ను ఎక్కిస్తారు."

నాన్న నా వైపు తిరిగాడు. "ముప్పయ్యేళ్లయి ఆ బెంచీల మీద కూకుంతన్నాను. నీకు అక్కడ అందరూ దొంగల్లాగే కనబడతన్నారేటి?"

ఆదివారం నేను నాన్న వెనకే నిలబడ్డాను. అమ్మ ఆడవాళ్ల వైపు చాప మీద, తల మీద కొంగుతో కూర్చుంది. మాస్టారు గంపను రెండు చేతులతో ఎత్తారు.

"తొలి గంప! కొత్త వడ్లు, ఊరి గుమ్మడి! ఎవలు పాడతారు?"

"అయిదు వేలు," అన్నాడు నాన్న. జనం వెనక్కి తిరిగి చూశారు. అయిదు వేలతో మొదలుపెట్టినవాళ్లు అంతకుముందు లేరు.

"ఆరు," అన్నాడు చేపల మావ. గంప వైపు చూడనైనా లేదు. మాస్టారి వైపు చూశాడు. నేను అనుకున్నట్టే జరుగుతోంది.

"ఎనిమిది."

"తొమ్మిది. ఏటి బావా, పీఎఫ్ అంతా ఇక్కడే దింపీస్తావేటి?"

నవ్వులు లేచాయి. "నీ లారీలు సేపలు మొయ్యడానికే, గంప మొయ్యడానికి కాదు," అన్నాడు నాన్న. మళ్లీ నవ్వులు. నేను చొక్కా పట్టుకుని లాగాను. నాన్న భుజం విదిలించుకున్నాడు.

"పన్నెండు!"

నేను వేసిన గట్టు తెగిపోయింది. అమ్మ తల దించుకుంది. ఇప్పుడు పదమూడు వస్తుంది, పద్నాలుగు వస్తుంది, అలా ఇరవై దాకా తీసుకుపోయి వదిలేస్తాడని నేను ఎదురుచూస్తున్నాను.

"పాతిక," అన్నాడు మావ.

ఒక్కసారిగా రెట్టింపు పైన. ఎదుటివాణ్ని ఎక్కించాలనుకునేవాడు అలా దూకడు, మెట్టు మెట్టుగా వెళ్తాడు. నేను ఇంకా ఆ లెక్క తేల్చుకోకముందే మాస్టారు, మూడో పిలుపు ముందు ఎప్పుడూ కథలు చెప్పి సాగదీసే మాస్టారు, "ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని ఒకే ఊపిరిలో అనేసి బల్ల మీద కొట్టేశారు.

నాన్న నోరు తెరిచే ఉంది. అందులో ఒక అంకె ఉంది. మాస్టారు దాన్ని బయటికి రానివ్వలేదు.

వాళ్లిద్దరూ కలిశారన్నది నిజమే. ఎందుకు కలిశారన్నదే నేను తప్పుగా అనుకున్నాను.

బయట మావ బీడీ ముట్టించుకుంటుంటే వెళ్లి అడిగాను. "ఏం మావా, ముందే మాట్లాడుకున్నారా?"

"నా మొక్కు పాతికే. లారీ అప్పు తీరిపోనాది, దేవుడికి ఇద్దామనుకున్నాను, ఇచ్చీసినాను. గంపలో ఇస్తే ఏటి, కానుక సంచిలో ఇస్తే ఏటి?" తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ అమ్మని అడుగు. నన్నడక్కు."

అమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. నాన్న ఇంకా రాలేదు.

"అవును, గంప మీ నాన్నకి రాకుండా సూడమని నానే సెప్పినాను మాస్టారికి," అంది. "'ఎంతైనా' అంతన్నాడు. ఆ పిల్ల పరీక్ష ఏటయిపోతాది? మొగుడికి ఎదురు సెప్పి దేవుడి కాడ ఆపీసినాను అనిపించుకోలేను. అందుకని అలగ సేసినాను."

"నాకు ముందే చెప్తే సరిపోయేది కదా."

"నీకు సెప్తే నీ మొకంలోనే తెలిసిపోతాది. ఎప్పుడూ ఎవల్నో పట్టుకున్నట్టే సూస్తావు."

కవరు క్షేమంగా ఉందని నాకు హాయిగా అనిపించింది. అది ఒక్కరోజే. సోమవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నాన్న ఇస్త్రీ చొక్కాతో తయారుగా ఉన్నాడు. "మాస్టారింటికి తీసుకెల్లు," అన్నాడు.

మాస్టారు కుర్చీ వేశారు. నాన్న కూర్చోలేదు. జేబులోంచి ఫీజు కవరు తీసి, అందులోంచి పన్నెండు వేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

"ఇదేటి?" అన్నారు మాస్టారు. "గంప నీకు రాలేదు కదా. నువ్వు బాకీ లేవు."

"నాను పన్నెండు అన్నాను. అందరి ముందూ అన్నాను. గంప ఎవలికెల్తే నాకేటి? మాట నాదే కదా."

"వద్దయ్యా, పిల్ల సదువు..."

"పిల్ల సదువు సంగతి మీకెవలు సెప్పినారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "నేను తీసుకోను," అన్నారు చివరికి.

"మీకిచ్చేననుకుంతన్నారేటి?" అన్నాడు నాన్న. "రసీదు రాయండి."

నాన్న చర్చిలో రసీదు అడగడం నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు కూడా చూసి ఉండరు. పుస్తకం వెతకడానికి లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చారు. నాన్న ఆ కాగితంలో అంకెలూ చదివాడు, అక్షరాలూ చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు వెళ్తోంది. ఒక్కొక్క వ్యాగనూ వెళ్తుంటే వెనక నుంచి నాన్న అడిగాడు.

"మాస్టారికి సెప్పింది నువ్వేనా?"

కాదంటే తర్వాతి ప్రశ్న ఎవరని. ఇంట్లో ఉన్నది ముగ్గురమే.

"నేనే," అన్నాను.

"అలగే అనుకున్నాను."

ఇంకో పది వ్యాగన్లు పోయాయి. "ఫీజులో తగ్గింది నువ్వు ఏసి కట్టు. అంత లెక్క తెలిసినోడివి."

"కడతాను."

"మీ అమ్మకి మాత్రం సెప్పకు. కొడుకు ఇలగ సేసినాడని తెలిస్తే ఏడుస్తాది."

గేటు లేచింది. ముందున్న ఆటోలు హారన్లు కొట్టాయి. బండి అద్దంలోకి చూశాను. నాన్న భుజం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా కాలరు మాత్రమే కనబడుతున్నాయి. ముఖం కనబడలేదు. ఆ మాట నిజంగా నమ్మి అన్నాడో, అంతా తెలిసే అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు.