వెల్డా చెయ్యి

అమెరికాలో, టెనెసీలోని ఓ చిన్న ఊళ్లో తుపాకుల కొట్టు హోమర్ టట్టిల్‌కి రెండో ఇల్లు. శనివారం పొద్దున్నే వచ్చి, కాఫీ కప్పుతో అద్దాల బల్లకి మోచెయ్యి ఆనించి, అడిగినవాడికీ అడగనివాడికీ సలహాలు చెబుతాడు. జేబులో దాచుకునే పొట్టి గొట్టం రివాల్వరైతే అన్నిటికన్నా తేలికది కొనాలి, తూటాలు అన్నిటికన్నా గట్టివి కొనాలి అంటాడు. తనదీ అలాంటిదే. దాన్ని పేల్చిన రోజు మాత్రం కుడిచెయ్యి జేబులోంచి బయటికి తియ్యడు. భార్య వెల్డాకీ అలాంటిదే కొనిచ్చాడు. ఒక్కసారి పేల్చేసరికి అరచెయ్యి వాచి, ఆవిడ దాన్ని సొరుగులో పడేసింది.

ఓ శనివారం దాన్ని మార్చుకుందామని ఆవిడే వచ్చింది. కొట్టు యజమాని గ్రేడీ, భార్య పోయిన మనిషి, ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలు ట్రిగ్గర్‌కి అందుతుందో లేదో తీరిగ్గా చూశాడు.

"తేలికదైతే చేతిని తన్నేస్తుంది వెల్డమ్మా. ఈ ఉక్కుది కాస్త బరువే, మందు తక్కువుండే మెత్తటి తూటాలు వేసుకోండి."

"మెత్తటివా? ముసలమ్మలకి పనికొస్తాయిలే!" అన్నాడు హోమర్, గ్రేడీ ఇంకా వదలని ఆ చేతివంకే చూస్తూ.

"మరి నేను ముసలమ్మనే కదయ్యా!" అని నవ్వి, ఆ ఉక్కుది తీసుకుని, వెనక తుపాకులు పేల్చి చూసుకునే గదిలోకి వెళ్లి గురిచూసి ఐదు తూటాలూ పేల్చింది. ఐదూ అరచేతి వెడల్పులో పడ్డాయి. ఆవిడ మురిసిపోతూ వెనక్కి తిరిగి చూసింది, గ్రేడీ వంక.

మరుసటి శనివారం హోమర్ ఒక్కడే వచ్చాడు. ఎవరికీ సలహా చెప్పలేదు. కొట్టు ఖాళీ అయ్యేదాకా ఆగి, కీళ్లనొప్పులతో వంకర్లు పోయిన తన కుడిచెయ్యి అద్దం మీద చాపాడు.

"నాకూ ఆ ఉక్కుది ఒకటి చూడరా," అన్నాడు. "మా ఆవిడ చెయ్యి చూసినంతసేపూ చూడాలి."